ఒకే ఇంట మూడు కుందేళ్లు

మన చేలగట్ల మీద దుమికే చెవులపిల్లి ఒంటరిది. బొరియ తవ్వదు, గుంపు కట్టదు. ఇళ్లలో పెంచుకునే కుందేలు వేరే జాతి. దాని పూర్వీకులు ఐరోపాలో బొరియలు తవ్వుకుని మందగా బతికినవి. అందుకే దానికి తోడు కావాలి. కానీ ఆ తోడు ఉన్నట్టుండి తన జాగాలోకి వస్తే తరిమి తరిమి కరుస్తుంది. మా ఇంట్లో బూరె, మల్లి, చింటు ఒకదాని పక్కన ఒకటి పడుకోవడానికి అయిదు నెలలు పట్టింది. అప్పుడు నేర్చుకున్నవే ఇవి.

1. ఆడో మగో ముందే తేల్చుకోండి. పిల్లలుగా ఉన్నప్పుడు గుర్తుపట్టడం కష్టం. మేం మొదట తెచ్చిన బూరె, మల్లి రెండూ ఆడవేనని అమ్మినతను ఒట్టేసి చెప్పాడు. మూడు నెలలకు ఒక తెల్లవారుజామున చూస్తే గూటి మూల మల్లి తన పొట్టమీది బొచ్చు పీకి పరిచింది. అందులో కళ్లు తెరవని అయిదు పిల్లలు. కుందేలు 31 రోజులకే ఈనుతుంది, ఈనిన రోజే మళ్లీ చూడి కట్టగలదు. కాబట్టి కుందేళ్లు తెలిసిన డాక్టరుకు చూపించండి.

2. ఆపరేషన్ చేయించకుండా కలపకండి. రెండు మగవి పెద్దయ్యాక రక్తాలొచ్చేలా కొట్టుకుంటాయి. ఆడవాటికి వయసు మీదపడే కొద్దీ గర్భసంచి క్యాన్సర్ ఎక్కువ, ఆపరేషన్ దాన్నీ తప్పిస్తుంది. మగదానికి ఆపరేషన్ అయ్యాక కూడా ఆరు వారాలదాకా పిల్లలు కలిగే వీలుంది, అప్పటిదాకా ఆపరేషన్ కాని ఆడదానికి దూరంగా ఉంచండి. ఇంకొక మాట: కుందేలు వాంతి చేసుకోలేదు, కాబట్టి ఆపరేషన్‌కు ముందు రాత్రంతా దాన్ని పస్తు ఉంచనక్కర్లేదు. ఉంచమంటే ఆ డాక్టరుకు కుందేళ్లు కొత్తేమో కనుక్కోండి.

3. ముందు వాసన అలవాటు చేయండి. పక్కపక్కనే రెండు ఇనుపజాలి గూళ్లు పెట్టి మధ్య నాలుగు వేళ్ల ఎడం ఉంచండి. లేకపోతే జాలిలోంచే ముక్కు కొరుకుతాయి. రోజు విడిచి రోజు వాటి పరుపు గుడ్డలు, మూత్రం పోసే ట్రేలు మార్చండి. గడ్డి జాలికి అటూ ఇటూ ఆనించి వేస్తే ఎదురెదురుగా కూర్చుని తింటాయి. రెండూ జాలికి వీపు ఆనించి పడుకున్న రోజున తర్వాతి మెట్టుకు వెళ్లండి. మాకు మూడు వారాలైంది.

4. మొదటి కలయిక ఎవరిదీ కాని చోట జరగాలి. ఆపరేషన్లు అయ్యేదాకా విడిగా ఉంచాక బూరె, మల్లి ఒకదాన్నొకటి ఎరగనట్టే అయ్యాయి. అవి ఎన్నడూ అడుగుపెట్టని మేడ మీది గదిలో జంపఖానా పరిచాం. నున్నటి గచ్చు మీద కాళ్లు జారితే బెదురుతాయి. గుప్పెడు కొత్తిమీర మధ్యలో వేసి కింద కూర్చున్నాను. రెండూ చెరో మూలకు పోయి ఒళ్లు నాక్కుంటున్నాయి, ఎదుటిది అక్కడ లేనట్టే. అది మంచి గుర్తు. కాసేపటికి మల్లి పాక్కుంటూ వచ్చి బూరె ముక్కు కింద తల పెట్టి నేలకు ఆనించింది. నాకమని అడగడం అది. బూరె నాకలేదు. మల్లి కోపంతో ఒక్క బొచ్చు కుచ్చు పీకి వెళ్లిపోయింది. పది నిమిషాలకే ఆపేశాం. పోట్లాటతో కాకుండా ప్రశాంతంగా ఉన్నప్పుడే ముగించాలి. అలా రోజూ కొద్దికొద్దిగా పెంచాం. పన్నెండో రోజున బూరె మల్లి నుదురు నాకింది.

5. ఏది గొడవో, ఏది కాదో గుర్తుపట్టండి. ఒకటి ఇంకోదాని మీదికి ఎక్కడం, కొద్దిగా తరమడం పెద్దరికం తేల్చుకోవడానికి, కాసేపు చూడండి. తలవైపు ఎక్కితే మాత్రం వెంటనే దించండి, కింది దాని నోటికి చిక్కి పెద్ద గాయమవుతుంది. చెవులు వెనక్కి వాల్చి, తోక నిక్కించి, ఒకదాని వెంట ఒకటి గుండ్రంగా తిరుగుతుంటే అది యుద్ధమే.

6. విడదీయడానికి ఒట్టి చేయి పెట్టకండి. మందపాటి తువ్వాలు మీద వేయండి, లేదా మధ్యకు ఒక చేట తోయండి. తర్వాత బొచ్చు విప్పి వేళ్లతో తడిమి చూడండి. గాటు పైకి కనపడదు, నాలుగు రోజులకు చీము పడుతుంది.

7. కలిశాక అన్నీ రెండేసి, మూడేసి పెట్టండి. నీళ్ల గిన్నెలు, గడ్డి కుప్పలు, దాక్కునే అట్టపెట్టెలు. ప్రతి పెట్టెకూ రెండు దారులు కోయండి, ఒకటే ఉంటే లోపలిది చిక్కుకుపోతుంది. ఎండబెట్టిన గరిక ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. కడుపు నిండుగా ఉన్న కుందేలు గిన్నె కోసం కొట్లాడదు. క్యారెట్టు ఎప్పుడైనా ఒక చిన్న ముక్క చాలు.

8. మూడోది వస్తే అంతా మొదటికొస్తుంది. ఊరు మారిన పక్కింటివాళ్లు వదిలేసిన చింటును తెచ్చినప్పుడు, అప్పటిదాకా కలిసున్న బూరె, మల్లి కూడా ఒకదాన్నొకటి తరుముకున్నాయి. భయపడకండి. మళ్లీ జాలి దగ్గరి నుంచి మొదలుపెట్టండి.

9. ఒకదానికి జబ్బు చేస్తే అన్నిటినీ ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఒక్కటే వెళ్లి మందుల వాసనతో తిరిగొస్తే ఇంట్లోది పరాయిదనుకుని మీదపడుతుంది.

10. మన ఎండాకాలంలో జాగ్రత్త. వేడి 30 డిగ్రీలు దాటితే కుందేళ్లకు ప్రాణం మీదికొస్తుంది, పైగా చిరాకుతో కసురుకుంటాయి. గడ్డకట్టించిన నీళ్ల సీసాలకు గుడ్డ చుట్టి, ఒక్కోదానికి ఒక్కటి చొప్పున పెట్టండి. నాపరాళ్ల నేల ఉంటే తడిపి వదలండి.

11. ఒకటి చనిపోతే వెంటనే తీసేయకండి. నిరుడు బూరె పోయినప్పుడు ఒక గంటసేపు దాన్ని గూట్లోనే ఉంచాం. మల్లి వాసన చూసింది, చెవులు నాకింది, లేపబోయింది, తర్వాత పక్కనే కూర్చుంది. ఆ రాత్రి అది మేత ముట్టలేదు. మిగిలినవాటిని దగ్గరుండి కనిపెట్టండి. పన్నెండు గంటలు తినకపోయినా, పెంటికలు వేయకపోయినా పేగులు ఆగిపోతున్నట్టే, తెల్లారేదాకా ఆగకుండా డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. మల్లి మాత్రం మర్నాడు పొద్దున చింటు నోట్లోని గరిక పోచను రెండో కొసనుంచి కొరకడం మొదలుపెట్టింది.