రెండు పటాలు - ఊడిన చెప్పు



ఆదివారం పత్రికలో పిల్లల పేజీ తీయగానే "ఈ రెండు బొమ్మల్లో తేడాలు కనుక్కోండి" అనే ఆట కనబడుతుంది. ఈ వారం ఆ ఆటను మన ఇంటి గోడమీది పటంతో ఆడుదాం.

మొన్న చంద్రగిరిలో ఒక ఇంటిని ఆశీర్వదించడానికి వెళ్ళాను. గోడకు నిత్యసహాయమాత పటాలు రెండున్నాయి. ఒకటి పొగచూరిన పాతది. రెండవది క్యాలెండరు నుండి కత్తిరించి ఫ్రేము కట్టించినది. "పాతది తీసేస్తా ఉండాం సామీ" అంది అవ్వ. ఇంతలో మనుమడు, "అవ్వా, పాతదాంట్లో బాలయేసు చెప్పు ఊడిపోయింది. కొత్తదాంట్లో కాళ్ళే లేవు!" అన్నాడు.

వాడు చూసింది చిన్న విషయం కాదు. రెండు పటాలనూ పక్కపక్కన పెట్టి, పైనుండి కిందికి నిదానంగా చూశాం.

1. కిరీటాలు: పాతదాంట్లో తల్లికీ బిడ్డకూ కిరీటాలున్నాయి, కొత్తదాంట్లో లేవు. 1867లో రోములో మూల చిత్రానికి కిరీటధారణ జరిగింది. అందుకే కొన్ని ప్రతులలో కిరీటాలు కనబడతాయి. ఉన్నా లేకున్నా చిత్రం చెప్పే మాట మారదు.

2. దేవదూతలు: పాతదాంట్లో మనకు ఎడమవైపు మిఖాయేలు దూత ఈటెను, స్పంజిని పట్టుకున్నాడు. కుడివైపు గబ్రియేలు దూత సిలువను, మేకులను పట్టుకున్నాడు. కొత్తదాంట్లో ఆ చోట గులాబీలు వేశారు.

3. చెప్పు: రానున్న శ్రమలను చూసి బాలుడు ఉలిక్కిపడి తల్లి ఒడికి చేరాడు. ఆ తొందరలో చెప్పు జారి వేలాడుతోంది. కొత్త పటంలో అది ఫ్రేము కిందికి పోయింది.

4. చేతులు: రెండింటిలోనూ బాలుడు తల్లి చేతిని రెండు చేతులా పట్టుకున్నాడు. కొత్తదాంట్లో అది ముద్దుగా ఉంది. ఎందుకు పట్టుకున్నాడో పాతది మాత్రమే చెబుతుంది.

తేడాలన్నీ ఒకే తూకం కావు. రంగు మారితే అలంకారం మారుతుంది. సిలువను తీసేస్తే అర్థమే మారుతుంది. కాబట్టి ఒక తేడా కనబడినప్పుడు "ఏమి మారింది?" అని అడిగి ఊరుకోకండి. "దీనితోపాటు ఏమి పోయింది?" అని కూడా అడగండి.

చిత్రాలతో వేదసత్యాలను బోధించడం చంద్రగిరికి కొత్త కాదు. 1598లో యేసుసభ గురువులు ఇక్కడికి వచ్చి వెంకటపతిరాయలను దర్శించారు. తరువాతి ఏళ్ళలో ఆ సభకే చెందిన అలెగ్జాండర్ ఫ్రే, బర్తలోమియో ఫొంతెబోనా అనే చిత్రకారులు రాయల కొలువులో పనిచేశారు. నిత్యసహాయమాత చిత్రాన్ని 1866లో 9వ పయస్ పోపుగారు రిడెంప్టరిస్టు సభకు అప్పగించిన తరువాత, దాని ప్రతులు లోకమంతటా వ్యాపించి మన ఇళ్ళకూ చేరాయి.

జబ్బుతోనో, అప్పుతోనో, బిడ్డల బెంగతోనో మనం బుధవారం నొవేనాకు వెళ్తాం. భయమెరుగని బాలుడు మన భయాన్ని ఎలా అర్థం చేసుకుంటాడు? చెప్పు జారిపోయేంతగా బెదిరిన బాలుడు అర్థం చేసుకుంటాడు. ఆ తల్లి కళ్ళు మనవైపే ఉన్నాయి.

ఆ అవ్వ పాత పటాన్ని తుడిచి మళ్ళీ మేకుకు తగిలించింది. ఈ రాత్రి జపమాల అయ్యాక మీరూ పిల్లలను పటం ముందు నిలబెట్టి అడగండి: "చెప్పు కనబడుతోందా?"