మరో ఆరు నెలలు ఎందుకంటే

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

డిసెంబరు 31తో మీ టీములో కాంట్రాక్టరు గడువు అయిపోతోందనీ, ఎక్స్‌టెన్షన్ కోసం నువ్వు రాసిన కాగితాన్ని ఫైనాన్స్ వాళ్లు తిప్పి పంపారనీ మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన కాపీని మామయ్య రెండుసార్లు చదివాడు. పేజీన్నర నిండా అతని మంచితనమే ఉంది. కష్టపడతాడు, ఎప్పుడు పిలిచినా పలుకుతాడు, అందరితో కలిసిపోతాడు. అన్నీ నిజమే అయ్యుంటాయి. కానీ సంతకం పెట్టాల్సిన మనిషి వెతికేది వేరు: అతను వెళ్లిపోతే ఏ పని ఆగుతుంది, ఎన్నాళ్లు ఆగుతుంది, అందుకు ఎంతవుతుంది?

గంటకు 90 డాలర్లు, వారానికి 40 గంటలు, 26 వారాలు అనుకుందాం. మొత్తం 93,600 డాలర్లు. ఈ అంకె ఒక్కటే కనబడితే ఎవరైనా వద్దనే అంటారు. దాని పక్కనే రెండో లెక్క ఉండాలి. అదే రేటుకు కొత్త మనిషి వచ్చి, పని చేతికి రావడానికి ఆరు వారాలు పడితే 240 గంటలు. అంటే 21,600 డాలర్లు నేర్చుకోవడానికే పోతాయి. నేర్పించేవాళ్ల గంటలు, మనిషి దొరికేదాకా కుర్చీ ఖాళీగా ఉండే వారాలు దానికి అదనం.

ఇక ‘ఈ మాడ్యూల్ అతనొక్కడికే తెలుసు’ అన్న నీ వాక్యం. ఇక్కడ కాస్త ఆగాలమ్మా. మామయ్య ఒకప్పుడు పనిచేసిన చోట ఒకే కాంట్రాక్టరుకు మూడేసి నెలల చొప్పున ఏడుసార్లు గడువు పెంచారు. ప్రతిసారీ రాసింది ఇదే వాక్యం. ఎనిమిదోసారి కాగితం పైకి వెళ్తే, ‘21 నెలల్లో రెండో మనిషికి ఎందుకు నేర్పలేదు?’ అని అడిగారు. లీడ్‌గా ఉన్న మామయ్య దగ్గర జవాబు లేదు. ఆ వాక్యం ఒకసారి పనిచేస్తుంది. రెండోసారి రాస్తే, రాసినవాళ్ల మీదే ఫిర్యాదవుతుంది.

అందుకే అడిగే ఆరు నెలల్లోనే ఆ ముడి విప్పే పనీ ఉండాలి. మార్చి చివరికి ఏది పూర్తవుతుంది, ఏప్రిల్ నుంచి అతని పక్కన ఎవరు కూర్చుంటారు, జూన్‌లో హ్యాండోవర్ ఎవరికి? ఇవి తేదీలతో సహా రాస్తే, ఆరు ఎందుకు, మూడు చాలవా అన్న ప్రశ్నకూ జవాబు అక్కడే దొరుకుతుంది.

పని నిజంగా శాశ్వతమైనదైతే ఎక్స్‌టెన్షన్ అడగకు, ఉద్యోగమే అడుగు. రెడ్‌మండ్‌లో జరిగింది గుర్తుంచుకో. ఏళ్ల తరబడి తాత్కాలికం పేరుతో పనిచేసినవాళ్లు, తమకూ ఉద్యోగులతో సమానంగా షేర్ల పథకం వర్తించాలంటూ 1992లో మైక్రోసాఫ్ట్ మీద దావా వేశారు. 2000లో కంపెనీ 9 కోట్ల 70 లక్షల డాలర్లకు రాజీ పడింది. 2014లో ఆ కంపెనీ బయటి ఏజెన్సీల సిబ్బందికి 18 నెలల పరిమితి పెట్టింది, ఆ తర్వాత ఆరు నెలల విరామం తప్పనిసరి చేసింది. మీ దగ్గర ఇలాంటి నిబంధన ఉందేమో రాసేముందే హెచ్‌ఆర్‌ని అడుగు.

అతను మనవైపు అబ్బాయి, హెచ్1బి మీద ఉన్నాడని కూడా రాశావు. ఆ ముక్క కాగితంలోంచి తీసెయ్. వీసా పనికి సంబంధించిన కారణం కాదు. అయితే నీ మనసులోంచి మాత్రం తీసెయ్యకు. ప్రాజెక్టు పోయి, అతన్ని మీ దగ్గరికి పంపిన వెండర్ కూడా ఉద్యోగంలోంచి తీసేస్తే అతనికి మిగిలే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఆలోపు కొత్త కంపెనీ పిటిషన్ వెయ్యాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, లేదా ఇల్లు సర్దుకోవాలి. బడిలో పిల్లలున్న ఇంటికి ఒక్కో వారం ఎంత విలువో నీకు చెప్పక్కర్లేదు. అవునో కాదో తేలిన రోజే వెండర్‌కీ, అతనికీ చెప్పెయ్. డిసెంబరు చివరి వారం దాకా నాన్చకు.

శనివారానికల్లా ఆ రెండో లెక్క వేసి పంపు. కొత్త మనిషికి ఆరు వారాలు చాలవనిపిస్తే, ఎన్ని పడతాయో ఆ కాంట్రాక్టరునే అడిగి వెయ్యి.

మామయ్య