గుండెకు తలుపులు

నందికొట్కూరు దగ్గర ఒక ఊరు. మిరప చేనులో ఆడవాళ్ళు కలుపు తీస్తున్నారు. వాళ్ళలో ఒకామెకు ముప్పై ఆరేళ్ళు. ఇద్దరు పిల్లల తల్లి. రాత్రి కేంద్రానికి పోయి అక్షరాలు, అంకెలు నేర్చుకుంది.

ఈ మధ్య ఆమెకు రెండు సాళ్ళు తీస్తే చాలు, దమ్ము వస్తోంది. బిందె ఎత్తితే రొమ్ము పట్టేసినట్లు ఉంటోంది. ఆ రోజు గట్టు ఎక్కుతూ కళ్ళు తిరిగి పడిపోయింది.

"సరిగా తినదు. నీరసం" అన్నది అత్త.

"గాలి సోకిందేమో. తాయెత్తు కట్టించండి" అన్నది పక్కింటి అవ్వ.

"తాయెత్తు గుండె చప్పుడు వినదు అవ్వా. ముందు ఆసుపత్రికి పోదాం" అన్నది ఆశా అక్క.

నందికొట్కూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ గుండె మీద గొట్టం పెట్టి విన్నది. లబ్ డబ్ అనే చప్పుడు మధ్యలో బుస్సుమని ఇంకో చప్పుడు వినిపించింది. "కర్నూలు పెద్దాసుపత్రికి పోండి. గుండెకు ఎకో పరీక్ష చేయించండి" అని చీటీ రాసిచ్చింది.

భార్యాభర్తలు కర్నూలు పోయినారు. పరీక్ష అయింది. నొప్పి లేదు, సూది లేదు. రొమ్ము మీద చల్లని జిగురు రాసి, చిన్న యంత్రం ఆనించి, గుండెను తెర మీద చూసినారు.

"ఏం జబ్బు సార్?" అని భర్త అడిగినాడు.

"నీకు బోరు ఉందా?" అన్నాడు డాక్టరు.

"బావి ఉంది సార్. మోటారు పెట్టినాం."

"పైపు కింద ఫుట్‌వాల్వు ఉంటుంది కదా. అది ఏం చేస్తుంది?"

"నీళ్ళు పైకి రానిస్తుంది. వెనక్కి పోనియ్యదు."

"గుండె కూడా ఒక మోటారే. పిడికిలంత ఉంటుంది. నిమిషానికి డెబ్బై సార్లు కొట్టుకుంటుంది. రోజుకు లక్ష సార్లు! నిమిషానికి 5 లీటర్ల నెత్తురు తోడుతుంది. దానికి నాలుగు గదులు, నాలుగు తలుపులు. నెత్తురు ఒళ్ళంతా పోయే పెద్ద గొట్టం పేరు బృహద్ధమని. ఆ గొట్టం మొదట్లో ఉండే తలుపుకు మూడు రెక్కలు. అది తెరిస్తే రూపాయి బిళ్లంత దారి ఉండాలి. మీ ఇంటామెకు చిటికెన వేలి గోరంత దారే మిగిలింది."

ఆమెకు భయం వేసింది. "ఎందుకట్లయింది సార్?" అన్నది.

"చిన్నప్పుడు గొంతు నొప్పి, జ్వరం వచ్చి కీళ్ళు వాచినాయా అమ్మా?"

"పదేళ్ళప్పుడు మోకాళ్ళు వాచినాయి సార్. పసరు కట్టినారు. తగ్గిపోయింది."

"కీళ్ళ వాపు తగ్గింది. కానీ గుండె తలుపు చెడింది. రెక్కలు ఒకదానికొకటి అంటుకుపోయి గట్టిపడినాయి. కొందరికి పుట్టుకతోనే రెండు రెక్కలు ఉంటాయి. ముసలితనంలో కొందరికి రెక్కల మీద సున్నం పేరుకుంటుంది. అప్పుడూ దారి మూసుకుపోతుంది. ఇంకొందరికి తలుపు సరిగా మూసుకోదు. నెత్తురు వెనక్కి కారుతుంది."

డాక్టరు పరీక్ష కాగితం చూపించినాడు. అందులో ఇంగ్లీషు అక్షరాలు ఆమెకు రాలేదు. అంకెలు వచ్చినాయి. "నలభై ఎనిమిది" అని చదివింది.

"బాగా చదివినావమ్మా. గుండె గదిలో నూరు గరిటెల నెత్తురు ఉందనుకో. మంచి గుండె ఒక్క పిండుడుకు 55 నుంచి 70 గరిటెలు బయటికి తోస్తుంది. నీ గుండె 48 తోస్తోంది. ఇన్నేళ్ళు ఇరుకు దారి గుండా తోసి తోసి కండ మందమైంది. ఇప్పుడు అలిసిపోతోంది."

"మాత్రలతో పోదా సార్?"

"మాత్రలు ఆయాసం తగ్గిస్తాయి. దారిని వెడల్పు చేయవు. తలుపు మార్చాలి. దారి ఇంత ఇరుకై, ఆయాసం, రొమ్ము నొప్పి, కళ్ళు తిరగడం మొదలైతే ఆలస్యం చేయకూడదు. తలుపు మార్చకుంటే సగం మంది రెండు మూడేళ్ళు కూడా బతకరు. ఆపరేషనులో ముప్పు అసలే లేదని చెప్పను. చేయించకుంటే ముప్పు ఇంకా చాలా ఎక్కువ."

ఇంట్లో ఆ రాత్రి ఎవరికీ అన్నం పోలేదు.

"గుండె కోస్తే మనిషి బతుకుతుందా?" అన్నది అత్త.

"కోయకుంటే బతకదంట అమ్మా" అన్నాడు కొడుకు.

"డబ్బు యాడ తెస్తాం? బర్రెను అమ్మాలేమో!"

ఆశా అక్క అప్పుడే వచ్చింది. "బర్రెను అమ్మొద్దు. పేదల కోసం 2007లో ఆరోగ్యశ్రీ మొదలైంది. ఇప్పుడు మన రాష్ట్రంలో దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. గుండె తలుపు ఆపరేషను అందులో ఉంది. రేషను కార్డు, ఆధార్ కార్డు తీసుకొని ఆసుపత్రిలో ఆ పథకం వాళ్ళను అడగండి. పుట్టపర్తిలో కూడా 1991లో పెట్టిన పెద్దాసుపత్రి ఉంది. అక్కడ గుండె ఆపరేషన్లు ఉచితంగా చేస్తారు" అని చెప్పింది.

అత్త కాసేపు మాట్లాడలేదు. తర్వాత కోడలి చేయి పట్టుకొని, "పో అమ్మీ. పిల్లోళ్ళను నేను చూసుకుంటా" అన్నది.

ఆపరేషను అయింది. పాడైన తలుపు తీసి కొత్తది పెట్టినారు. ఇలాంటి తలుపులు మన దేశంలోనూ తయారవుతాయి. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థ తయారు చేసిన తలుపును 1990లో మొదటిసారి మనిషికి అమర్చినారు.

ఆరు నెలల తర్వాత మళ్ళీ ఎకో తీసినారు. ఆమే ముందు కాగితం చూసింది. "యాభై ఎనిమిది!" అన్నది.

ఇప్పుడు ఆమె నీళ్ళు మోస్తోంది. గట్టు ఎక్కుతోంది. కానీ ఒక పని మాత్రం బతికినన్నాళ్ళూ మానకూడదు. లోహపు తలుపు మీద నెత్తురు గడ్డ కట్టకుండా రోజూ మాత్ర వేసుకోవాలి. వేసుకున్న రోజు క్యాలెండరులో టిక్కు పెడుతుంది. ఆ టిక్కు పెట్టడం ఆమె చదువుల కేంద్రంలో నేర్చుకున్నదే.

గుర్తుంచుకుందాం

1. పిల్లలకు గొంతు నొప్పి, జ్వరం వస్తే డాక్టరుకు చూపించాలి. కీళ్ళు వాస్తే అసలు ఆలస్యం చేయకూడదు.

2. కీళ్ళ జ్వరం వచ్చిన పిల్లలకు డాక్టరు చెబితే మూడు నాలుగు వారాలకొకసారి పెన్సిలిన్ సూది వేయించాలి. ఏళ్ళ తరబడి వేయించాలి. మధ్యలో మానకూడదు.

3. నెత్తురు పలచన చేసే మాత్ర వాడేవాళ్ళు చెప్పిన తేదీకి రక్త పరీక్ష చేయించాలి. ఆకుకూరలు మానక్కరలేదు. ఒక వారం ఎక్కువ, ఒక వారం తక్కువ తినకూడదు.

4. పన్ను పీకించుకునే ముందు, వేరే మందు వాడే ముందు, గుండెలో కొత్త తలుపు ఉందని చెప్పాలి.

5. గుండె తలుపు జబ్బు ఉన్న ఆడవాళ్ళు గర్భం దాల్చక ముందే డాక్టరును అడగాలి.

మాట్లాడుకుందాం

ఫుట్‌వాల్వు చెడితే ఏమవుతుంది? గుండె తలుపు చెడితే ఏమవుతుంది?

మీ ఊరిలో పని చేస్తుంటే ఆయాసపడేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? వాళ్ళకు మీరేం చెబుతారు?

మీ ఇంటిలో ఉన్న ఒక ఆసుపత్రి చీటీ తెచ్చి, అందులోని అంకెలు చదవండి.