కాలేజీ రేడియో – చెప్పరాని మాట

శామీర్‌పేట చెరువు కింద వరి పండించే మా నాయనకు రేడియోయే బడి.

వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దేశంలో తొలి క్యాంపస్ రేడియో 2004లో చెన్నై అన్నా విశ్వవిద్యాలయంలో వచ్చింది. జహీరాబాద్ ప్రాంతపు దళిత మహిళల సంఘం రేడియో 2008 అక్టోబరు 15న మొదలైంది. ఇలాంటి కేంద్రాల నుంచి పాటలు, పాఠాలు, సేద్యం ముచ్చట్లు వినిపించవచ్చు. సొంతంగా వార్తలు మాత్రం చెప్పరాదు. ఆకాశవాణి వార్తలను మార్చకుండా అందించవచ్చు.

చిక్కు ఇక్కడే ఉంది, మిత్రులారా! యూరియా ఎంత చల్లాలో చెప్పవచ్చు. మన ఊళ్లో యూరియా ఎందుకు దొరకడం లేదో చెబితే అది వార్త కిందికి వస్తుంది. రైతుకు రెండోదే ముందు కావాలి.

ఈ సంగతి చెబితే నాయన, "గట్లయితే సగం మాటే చెప్తరన్నట్టు" అన్నాడు.

మిగతా సగం కోసం అడగవలసింది చదువుకున్న మనమే.