తంగేడును గుర్తుపట్టడం ఎలా?



కావలి నుండి తుమ్మలపెంట సముద్రతీరానికి పోయే దారిలో మెట్ట భూములున్నాయి. అక్కడ పసుపు పూలు పూసే మొక్కలు చాలా ఉంటాయి. ఎం.ఎస్సీ. వృక్షశాస్త్రంలో చేరిన కొత్తలో మేము అక్కడ ఒక కొమ్మ కోసి, ఎండబెట్టి, హెర్బేరియం షీటుకు అంటించి "తంగేడు" అని రాశాము. సెలవులకు ఇంటికి తీసుకుపోయి చూపిస్తే మా తాత నవ్వాడు. "ఇది కసింద గదరా!" అన్నాడు. తాత బడి మొహం చూడలేదు. మా ఇంట్లో మొదటి డిగ్రీ మాది.

పువ్వు రంగు ఒక్కటే చూడటం మేము చేసిన తప్పు. రెంటికీ ఐదు పసుపు రేకులే. తేడాలు ఇవి:

1. ఆకు: తంగేడులో ఒక్కో ఈనెకు 8 నుండి 12 జతల చిన్న పత్రకాలు, కొనలు గుండ్రం. కసిందలో 3 నుండి 5 జతలే, కొనలు సూదిగా ఉంటాయి.

2. చెవి: తంగేడు ఆకు కాడ మొదట్లో చెవుల్లాంటి రెండు పెద్ద పత్రపుచ్ఛాలు ఉంటాయి. సెన్నా ఆరిక్యులేటా అనే శాస్త్రీయ నామం ఆ చెవుల వల్లే వచ్చింది.

3. కాయ: తంగేడు కాయ కాగితంలా పలుచన, బల్లపరుపు. కసింద కాయ సన్నగా, కొంచెం వంగి, అంచులు లేత రంగులో ఉంటాయి.

4. వాసన: కసింద ఆకు నలిపితే దుర్వాసన వస్తుంది.

తంగేడు భారతదేశం, శ్రీలంకల మెట్ట నేలల్లో పుట్టిన బహువార్షిక పొద. కసింద అమెరికా ఖండం నుండి వచ్చిన కలుపు మొక్క.

ఇది పరీక్ష మార్కుల సంగతి మాత్రమే కాదు. ఉత్తరప్రదేశ్ పశ్చిమ జిల్లాల్లో ఏటా చిన్నపిల్లలు స్పృహ తప్పి చనిపోతుంటే మెదడువాపు అనుకున్నారు. కారణం ఆటల్లో తిన్న కసింద గింజలేనని 2007లో వెలువడిన వైద్య పరిశోధన తేల్చింది. కనుక తెలియని కాయలు నోట పెట్టకండి.

మరి తాతకు ఎలా తెలిసింది? ఆయన తోలు పని చేసేవాడు. సున్నంలో వేసి వెంట్రుకలు తీసిన తోళ్ళను లందలో తంగేడు చెక్కతో ఊరవేసేవాడు. చెక్కలోని టానిన్ తోలులోని ప్రోటీన్లను పట్టి ఉంచుతుంది, అందుకే తోలు కుళ్ళదు. ఒకప్పుడు మద్రాసు రాష్ట్రం నుండి లండన్‌కు ఎగుమతైన తోళ్ళకు ఈ చెక్కే ఆధారం. తర్వాత దక్షిణాఫ్రికా వాటిల్ చెక్క దాని స్థానంలోకి వచ్చింది. తెలంగాణ 2014లో తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది.

హాస్టల్లో ఉన్న రోజుల్లో తాత పని ఏమిటో మేము ఎవరికీ చెప్పలేదు. అడిగితే వ్యవసాయం అనేవాళ్ళం. ఆ సెలవుల్లోనే తాతను వెంటబెట్టుకుని వెళ్ళి అసలు తంగేడు కొమ్మ తెచ్చాము. కొత్త షీటులో "సమాచారం ఇచ్చినవారు" అన్నచోట ఆయన పేరు రాశాము.

తమ్ముళ్ళారా, ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు ఒక నోటుబుక్కు తీసుకుపొండి. మీ పెద్దలకు తెలిసిన మొక్కల పేర్లు అడిగి రాసుకోండి.