దాసోహ యాత్ర

బసవేశ్వరుడు బోధించిన జంగమతత్త్వమునకు చలనమే ప్రాణము. అయినను కాయక దాసోహములు తోడుగాని యాత్ర వట్టి నడక. తెనాలి నుండి రేపల్లెకు, బాపట్లకు రైలెక్కు భక్తులు ఈ మాట తలపవలెను.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన ఈ తీరమున వేలమందిని బలిగొన్నది. నాడు శవసంస్కారమునకు పూనుకొన్న సేవకులకంటె యాత్రికులెవరు?

అలల ఉరవడిని తగ్గించునవి కృష్ణా ముఖద్వారపు మడ అడవులు. చెట్లు నశించిన పర్రలో ఉప్పు పేరుకొని విత్తు మొలవదు. చేపముల్లు ఆకృతిలో కాలువలు త్రవ్వి, పోటునీటిని లోనికి రానిచ్చి, ఆటున ఉప్పు కడుగబడిన పిమ్మటనే నారు నిలుచును. ఇది మోకాలిలోతు బురదలో చేయవలసిన కాయకము. ఛాయాచిత్రమునకై ఒక మొక్క నాటి వచ్చుట సేవ కాదు. పోటు ఎందాక వచ్చునో జాలరులకు తెలియును. వారి యెదుట యాత్రికుడు శిష్యుడు.

సూర్యలంకకు సముద్రస్నానమునకు పోవువారు తమ విస్తళ్లను, ప్లాస్టిక్ సంచులను తిరిగి తెచ్చుకొనుట ఈ పాఠమున తొలి అభ్యాసము.