దాహమడుగుట

ఇరువది యేండ్లకు మునుపు మా ప్రాంతపు సంతలలో కంజర చప్పుడు విని ఎవరైన తల త్రిప్పి చూచి యుందురేని, అచట రెండు గజముల గుడ్డపై ఎఱ్ఱరంగుతో చిత్రించిన నరకపటమును వెదురుకఱ్ఱకు వ్రేలాడగట్టి, గొంతు చించుకొని అరచుచుండిన బక్కపలుచని మనుష్యుడను నేనే. ప్రభువు ప్రేమను ప్రకటించుచున్నానని నా నమ్మకము. కాని ఆ ప్రేమను గూర్చి చెప్పినది చివరి అయిదు నిమిషములలో, అదియు జనము చెదరిపోవుచుండగా. మిగిలిన గంటయంతయు అగ్నిగంధకములకే సరిపోయెడిది.

ఆ పటము చూచి జడిసినవారిలో సాలెవీధి పిల్లవాడొకడు, ఏడెనిమిదేండ్ల వాడు. ఆ రాత్రి జ్వరము తగిలి, కాలిపోతున్నానని మూడు దినములు కలవరించెనట. నాలుగవనాడు వాని తల్లి నన్ను వీధిలో నిలువదీసి, "మీ దేవుడు పసిపిల్లల్ని కాలుస్తాడా అయ్యా?" అని అడిగెను. కాల్చడమ్మా అని ఒక్కమాట చెప్పలేకపోతిని. వాదించితిని, వచనములు వల్లించితిని. ఇప్పటికిని అన్నము ముందు కూర్చున్నప్పుడు ఆ వాదము జ్ఞప్తికి వచ్చి చేయి ఆగిపోవుచుండును.

భయము పనిచేయదా అందురేమో. అమెరికాలో 1953 ప్రాంతమున మనశ్శాస్త్రజ్ఞులు బడిపిల్లలకు దంతశుద్ధిని గూర్చి ఉపన్యాసములిప్పించి చూడగా, చిగుళ్లు కుళ్లిన బొమ్మలతో హడలగొట్టబడిన వారికంటె నెమ్మదిగా చెప్పబడినవారే ఎక్కువగా మాట వినిరట. తరువాతివారు వేరుగను చెప్పిరందురు. ఆ తగవు మనకేల? పండ్లు తోముటకే ఇంత తకరారైనప్పుడు పరలోకపు మాట చెప్పనేల!

మన ఒంగోలు సంగతి చూడుడు. 1876 మొదలు 1878 వరకు దేశమును మాడ్చిన కరవులో, మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో కొంతమేర త్రవ్వకమును గుత్తకు తీసికొని వేలమందికి కూలియు కూడును దొరకునట్లు చేసిరి. కాని ఆ కూలీలలో ఎందరు బాప్తిస్మము కోరినను, కడుపు మాడువాడు పలుకు "ఔను" విశ్వాసమో ఆకలియో నిర్ణయింపజాలక, కరవు తీరువరకు ఇయ్య నిరాకరించిరి. పిమ్మట 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి యొద్ద, ఒక్కనాడే 2,222 మంది నీటిలోనికి దిగిరి. అందులో మా తాత యొకడని మా ఇంట చెప్పుకొందురు. కూటికై వచ్చు విశ్వాసమును అనుమానించుట మనవారికి తెలిసినది. భీతిచే వచ్చు విశ్వాసమును అనుమానింపవలెనని మాత్రము, నాతో సహా, ఎవరికిని తోచలేదు. ఆకలికి వంగిన తలయు అదరుపాటుకు వంగిన తలయు ఒక్కటే కాదా? ఆత్మలను లెక్కపెట్టి కూడికలో చదువు ఓ సోదరుడా, నీ పట్టికలో బెదరిపోయినవారెందరో ఎన్నడైన విడదీసి చూచితివా? సిగ్గుపడుము. నేను పడితిని గనుకనే చెప్పుచున్నాను.

నా బ్రతుకును మార్చినది మహాగ్రంథమేదియు కాదు, ఒక చిన్న యలవాటు. ఎవరికైనను నా ప్రభువును గూర్చి చెప్పుటకు ముందు వారియొద్ద దాహమడిగి త్రాగుదును. అంతే. సమరయ దేశమున యాకోబు బావియొద్ద మిట్టమధ్యాహ్నపు టెండలో కూర్చున్న యేసు, నీళ్లు చేదుకొనవచ్చిన స్త్రీకి ఉపదేశము చేయలేదు; దాహమడిగెను. యూదులు సమరయులతో పొత్తుపెట్టుకొనని కాలమున ఆమెను నివ్వెరపరచినది ఆ యడుగుటయే. పాపముమాట, పెండ్లిమాట అన్నియు తరువాతనే. ఈ వృత్తాంతమును నేను ముప్పదిసార్లు బోధించి యుందును. ఒక్కసారియు ఎవరినీ నీళ్లడుగలేదు!

అడుగుట ఎంత కష్టమో అడిగినగాని తెలియదు. ఇచ్చువాని చేయి పైన నుండును. బలిచక్రవర్తి కథ తెలిసిన తెలుగువానికి దీని మర్మము వివరింపనక్కరలేదు. అడుగవచ్చినవాడు విష్ణువే అయినను చేయి క్రింద పట్టక తప్పలేదు. రక్షణ పంచువాడనని పొగరెక్కియున్న నాకు మొదటినెలలో నాలుక పెగలలేదు. కొందరు లేవనిరి. కొందరు మా పేటను తలంచుకొని దోసిలిలో మూరెడెత్తునుండి పోసిరి. మోచేతులవెంట కారినది పోగా మిగిలినది త్రాగితిని. అట్లు త్రాగిన దినములలో నా నోట నరకము రాలేదు. మనకు నీళ్లిచ్చిన మనుష్యుని బెదరించుటకు మనసొప్పదు. ఇదియే ఇందలి కీలకము: ఋణపడినవానికి గద్దించుటకు గొంతు లేవదు, వినుటకు చెవి తెరచుకొనును. 1910లో ఎడింబరో మిషనరీ మహాసభలో, రెండేండ్లకు దోర్నకల్ బిషప్పు కానున్న అజరయ్యగారు, దొరలు చేసిన దానములను త్యాగములను కొనియాడి, మాకు కావలసినది స్నేహితులని అడిగిరి. దానము చేయువాడు స్నేహితుడగుట ఎంత అరుదో ఆయన యెరిగియుండెను.

ఇతర సూత్రములందురా? పరుల దేవతలను హేళన చేయకుడు, రోగిని తర్కములోనికి లాగకుడు, ఉద్యోగమిప్పింతుమని ఆశ పెట్టకుడు, కోమటికి బాకీ తీర్చి మరి సాక్ష్యమునకు లేవుడు. గొంతు లేదని, పాండిత్యము లేదని దిగులుపడు తమ్ముడా, నీకు దాహమున్నది గదా. అది చాలును, బయలుదేరుము.

నిరుడు వేసవిలో పనిమీద పోవుచు సాలెవీధిలో ఆ యింటి గడపముందర నిలిచితిని. పదునెనిమిదేండ్లు ఆ వీధి తప్పించుకొని తిరిగినవాడను. ఆమె రాట్నము ముందర కండెలు చుట్టుచుండెను, జుట్టు నెరసినది. "అమ్మా, కాస్త దాహమిప్పించండి" అంటిని. లేచి లోపలికి పోయి ఇత్తడి చెంబుతో తెచ్చి, దోసిలి పట్టబోయిన నా చేతికి చెంబే ఇచ్చి, నేను త్రాగినంతసేపును చూచుచు నిలిచి, "ఆ బొమ్మ ఇంకా ఉందా?" అని అడిగెను.

"ఉందమ్మా. అటకమీద పడేశాను."

"దించబాకండి. మావాడికి పిల్లలు పుట్టారు."

దించనంటిని. ఆమె చెంబులోనికి తొంగిచూచి, "ఇంకాసిని పొయ్యమంటారా?" అనెను.